ఎస్‌యూవీకి సైడ్ స్టెప్ వేయాలా వద్దా: కొలతలు, బిగింపు, విప్పడం

సైడ్ స్టెప్, అంటే కారు తలుపుల కింద పక్కగా బిగించే మెట్టు, కొందామా అని అడిగితే చాలామంది అందం గురించి చెబుతారు, తలుపులకు గీతలు పడవని చెబుతారు. నాకు కావలసిన రెండు జవాబులు మాత్రం ఎక్కడా కొలతలతో దొరకలేదు. ఆ మెట్టు ఎక్కేవాళ్ల కాలికి ఎంత ఎత్తులో వస్తుంది? అది కారులో దేనికి బిగుస్తుంది? ఈ రెంటికీ జవాబు వెతికిన పని ఇది. మీ బండి కొలతలు వేరుగా ఉంటాయి కాబట్టి నా అంకెలు కాకుండా కొలిచిన పద్ధతి తీసుకోండి.

దశ 1: ముందు టేపు

కారు మోనోకాక్ బాడీ ఎస్‌యూవీ, ఐదు సీట్లది. అంటే లారీలా కింద విడిగా ఛాసిస్ ఉండదు. బాడీ రేకులే అస్థిపంజరం. ఈ ఒక్క విషయం తర్వాత ప్రతి నిర్ణయాన్నీ మార్చింది కాబట్టి మీ బండి ఏ రకమో మొదటే తెలుసుకోండి.

కొలిచే ముందు:

1. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉండాలి. గాలి తగ్గితే కొలతలన్నీ తప్పుతాయి.
2. నేల మట్టంగా ఉండాలి. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో నాలుగు చక్రాల దగ్గర చూశాను. కారు నిలిపే చోట ఒక మూల 12 మి.మీ. పల్లం కనిపించింది. కారును అక్కడి నుంచి కదిపి కొలిచాను.
3. కారులో మనుషులు, సామాను ఉండకూడదు.

వచ్చిన కొలతలు, అన్నీ నేల నుంచి:

- ముందు తలుపు గుమ్మం పైఅంచు: 480 మి.మీ.
- వెనక తలుపు గుమ్మం పైఅంచు: 495 మి.మీ.
- ముందు సీటు కుషన్ అంచు: 745 మి.మీ.
- తలుపు అడుగు అంచు: 350 మి.మీ.
- గుమ్మం కింద వెల్డింగ్ అంచు: 265 మి.మీ.
- కారు మధ్యలో అడుగున అన్నిటికంటే కిందున్న భాగం: 205 మి.మీ.
- ముందు వెనక చక్రాల ఇరుసుల మధ్య దూరం: 2,750 మి.మీ.

ఇందులో ఎక్కువమంది కొలవనిది తలుపు అడుగు అంచు. ఈ మధ్య వచ్చే చాలా కార్లలో తలుపు కిందికి దిగి గుమ్మాన్ని కప్పేస్తుంది. తలుపు తెరిచినప్పుడు మెట్టుకు తగలకూడదంటే కనీసం 20 మి.మీ. సందు కావాలి. అంటే నా కారులో మెట్టు పైభాగం 330 మి.మీ. కంటే పైకి రాలేదు. కిందికి దించితే నేలకు తగిలే భయం. కొనబోయే మెట్టు ఎక్కడ కూర్చుంటుందో ఈ రెండు హద్దులే ముందుగా చెప్పేస్తాయి.

గుమ్మం ఎత్తు 480 మి.మీ. అంటే ఎంతో అంకె చూస్తే తెలియదు. ఇంట్లో మెట్టు ఎత్తు సాధారణంగా 150 నుంచి 180 మి.మీ. ఉంటుంది. అలాంటి మూడు మెట్లను ఒకే అడుగులో ఎక్కమంటున్నట్టు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి అది చాలా ఎక్కువ.

దశ 2: చెక్క పలకలతో పరీక్ష

ఏదైనా కొనే ముందు ఇది చేయండి. ఖర్చు లేదు, తేలే విషయాలు మాత్రం చాలా ఉన్నాయి.

18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు, కొన్ని మందపాటి చెక్క దిమ్మెలు తెచ్చి, ముందు తలుపు పక్కన నేలమీద ఒకదానిమీద ఒకటి పేర్చాను. దొర్లకుండా తాడుతో కట్టాను. ఎత్తు మారుస్తూ ఇంట్లో అందరినీ ఎక్కించి దింపాను. అమ్మ ఎక్కుతున్నంతసేపూ ఒకరు వెనక నిలబడి ఉండాలన్నది నియమం.

అమ్మకు కుడి మోకాలు నొప్పి. తేలినవి ఇవి:

- ఏమీ పట్టుకోకుండా హాయిగా ఎక్కగలిగింది: 220 మి.మీ. వరకు.
- తలుపు పైన ఉండే పిడి పట్టుకుంటే: 270 మి.మీ. వరకు.
- 330 మి.మీ. దగ్గర మోకాలు మడిచి ఆగిపోయింది. పిడి పట్టుకున్నా చేతులతో ఒంటిని లాక్కోవాల్సి వచ్చింది.

"ఎత్తు ఒక్కటే కాదురా, ఎక్కేటప్పుడు పట్టుకోడానికి ఏదో ఒకటి ఉంది, దిగేటప్పుడు ఏమీ లేదు" అంది అమ్మ. నేను అప్పటిదాకా దిగడం గురించి కొలవనే లేదు. ఆ మాటతో పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేశాం. ఎక్కేటప్పుడు నొప్పి లేని కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు అన్న ఫిజియోథెరపీ సూత్రం పాటిస్తూ చూశాం. దిగేటప్పుడు ఒంటి బరువును నెమ్మదిగా కిందికి దించే పని పైన ఉన్న కాలిది. అది మంచి కాలైతేనే ఆ పని చేయగలదు. కాబట్టి ఎటువైపు తలుపులోంచి దిగుతారు, ఏ కాలు ముందు బయటికి వస్తుంది అనేది మెట్టు ఎత్తు అంత ముఖ్యం.

ముందు ఎడమ తలుపు దగ్గర కూర్చుంటే ముందుగా బయటికి వచ్చేది ఎడమ కాలు. అమ్మ నొప్పి కుడి కాలికి. ఒక కాలే బయట పెట్టి దిగితే సూత్రానికి తలకిందులు అవుతుంది. రెండు కాళ్లూ బయటికి తిప్పి, సీటు అంచున కూర్చుని, అప్పుడు నిలబడితే ఆ ఇబ్బంది లేదు. ఆ పద్ధతికి ఇంకో లాభం ఉందని ఆ రోజు గమనించలేదు, చివర్లో పీట చేసినప్పుడు (దశ 10) తెలిసింది.

నాన్నది పొడవాటి ఒళ్లు. ఆయనకు ఏ ఎత్తూ అక్కర్లేదు. పైగా పలకలు అడ్డం అన్నారు. మా పాపకు ఏ ఎత్తైనా సరే, చేతులతో సీటు పట్టుకుని ఎక్కేస్తుంది.

ఇప్పటిదాకా లెక్క:
అమ్మకు కావలసిన తొలి అడుగు 270 మి.మీ. లోపు. దొరికే మెట్టు ఇవ్వగలిగేది 330 మి.మీ. తేడా 60 మి.మీ.

దశ 3: పాత సెట్టు తెచ్చి బిగించడం

మావయ్యది ఇదే మోడల్. ఆయన తన కారుకు వేయించుకున్న సైడ్ స్టెప్‌లు విప్పి పక్కన పెట్టేశారు. "మావయ్యా, కొన్నాళ్లు వాడి చూసి తిరిగి ఇస్తాను" అని తెచ్చుకున్నాను. చదునైన అల్యూమినియం బోర్డులు, ఒక్కో వైపు మూడు స్టీల్ బ్రాకెట్లు.

బాత్‌రూమ్ తూకం మీద ఒక్కో వైపు 8.2 కిలోలు, రెండూ కలిపి 16.4 కిలోలు తూగాయి. సుమారు 1,650 కిలోల కారుకు అది ఒక శాతం. మైలేజీ తగ్గుతుందని దీనికి టెన్షన్ పడనక్కర్లేదు.

వాడిన పనిముట్లు: 13 నంబరు సాకెట్, రాట్చెట్, టార్క్ రెంచ్ (బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది), తీగ బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, టార్చి, తెల్ల పెయింటు పెన్ను.

1. గుమ్మం లోపలి వైపు కంపెనీ ఇచ్చిన మరల రంధ్రాలకు రబ్బరు మూతలు ఉంటాయి. వాటిని తీశాను. రంధ్రాలు లేని కారైతే ఇక్కడే ఆగండి. డ్రిల్ పెట్టి కొత్త రంధ్రం వేయకండి. గుమ్మం వెంట బ్రేకు గొట్టం, ఇంధనం గొట్టం, వైర్లు పోతుంటాయి. చాలా విద్యుత్ కార్లలో రెండు గుమ్మాల మధ్యే బ్యాటరీ ఉంటుంది.
2. మరలను బ్రష్‌తో శుభ్రం చేసి, బోల్టును చేత్తోనే చివరిదాకా తిప్పి చూశాను. ఒకచోట మధ్యలో బిగుసుకుంది. బలవంతం చేయకుండా ట్యాప్‌తో (రంధ్రంలో మర కోసే పనిముట్టు) మర శుభ్రం చేస్తే సాఫీగా దిగింది.
3. మూడు బ్రాకెట్లనూ వదులుగా పెట్టి, బోర్డు వాటిపై కూర్చోబెట్టి, తలుపుకు సందు అంతటా సమానంగా వచ్చాక బిగించాను. ముందే ఒక బ్రాకెట్ బిగిస్తే మిగతావి సరిపడవు.
4. స్టీల్, అల్యూమినియం కలిసేచోట నైలాన్ వాషర్ పెట్టాను. రెండు లోహాల మధ్య తడి చేరితే అల్యూమినియం పొడిలా రాలిపోతుంది. పాత సెట్టులో రెండు చోట్ల అప్పటికే ఆ తెల్లపొడి కనిపించింది.
5. సెట్టుతో వచ్చిన కాగితంలో చెప్పినట్టు ఎం8 (8 మి.మీ. మర) బోల్టులను 20 న్యూటన్ మీటర్లకు బిగించాను.
6. ప్రతి బోల్టు తల మీది నుంచి బ్రాకెట్ మీదికి పెయింటు పెన్నుతో ఒక గీత గీశాను. బోల్టు వదులైతే గీత విరిగినట్టు కనిపిస్తుంది. తర్వాత ఎక్కువగా ఉపయోగపడింది ఈ గీతలే.

ఎడమవైపు మధ్య బ్రాకెట్ గుమ్మం అడుగున నీళ్లు పోయే రంధ్రాన్ని సగం మూసింది. తలుపుల్లోంచి, గుమ్మంలోంచి వాన నీళ్లు బయటికి పోయే దారులవి. మూస్తే గుమ్మం లోపలి నుంచి తుప్పు పడుతుంది, పైకి కనిపించేసరికి చాలా ఆలస్యం. బ్రాకెట్ అంచును అర్ధచంద్రంలా అరగదీసి, అరిగిన చోట జింక్ ప్రైమర్ కొట్టాను.

ఇప్పటిదాకా లెక్క:
అదనపు బరువు 16.4 కిలోలు. మెట్టు పైభాగం 330 మి.మీ. అక్కడి నుంచి గుమ్మానికి 150 మి.మీ. బ్రాకెట్ అడుగు 240 మి.మీ.

దశ 4: మనిషి బరువు ఎక్కడికి పోతుంది

ఈ దశ మీద ఎక్కువ సమయం పెట్టాను. కాలు పెట్టిన చోట నుంచి బోల్టుల వరకు అడ్డంగా 240 మి.మీ. దూరం ఉంది. 80 కిలోల మనిషి నిలబడితే 785 న్యూటన్ల బరువు పడుతుంది. ఆ దూరంతో గుణిస్తే సుమారు 188 న్యూటన్ మీటర్ల మెలితిప్పు. బ్రాకెట్‌లో రెండు బోల్టుల మధ్య దూరం 55 మి.మీ. కాబట్టి ఒకే బ్రాకెట్ మీద మొత్తం పడితే పై బోల్టును లాగే బలం దాదాపు 3,400 న్యూటన్లు, అంటే 350 కిలోలు వేలాడదీసినట్టు. ధబ్‌మని దిగితే దానికి రెట్టింపు అనుకోండి.

8.8 గ్రేడు ఎం8 బోల్టు సుమారు 2,100 కిలోల దాకా సాగకుండా తట్టుకుంటుంది. కాబట్టి బోల్టు తెగదు. లొంగేది దాని వెనకున్న రేకు. దాని మందం ఒక మిల్లీమీటరు చుట్టుపక్కల. "మా బోల్టులు చాలా గట్టివి" అన్న మాటకు అందుకే విలువ తక్కువ. బిగింపు ఏ రేకుకు, ఆ రేకు వెనక ఇంకో పొర ఉందా అన్నది అడగాలి.

ఊగడం ఇలా కొలిచాను:

1. మెట్టు అంచు పక్కన నేల మీద ఒక దిమ్మె, దానికి నిలువుగా స్టీల్ స్కేలు.
2. ఖాళీగా ఉన్నప్పుడు మెట్టు అంచు ఎక్కడుందో గుర్తు.
3. 80 కిలోల మనిషి నిలబడ్డాక ఇంకో గుర్తు.
4. కారు కూడా స్ప్రింగుల మీద కుంగుతుంది. అందుకే గుమ్మం పక్కన రెండో స్కేలు పెట్టి ఆ కుంగుడు తీసేయాలి. ఇది తీసేయకపోతే మెట్టు అసలు కంటే చాలా మెత్తగా ఉన్నట్టు అంకె వస్తుంది.

ఫలితం: రెండు బ్రాకెట్ల మధ్య 5 మి.మీ. ముందు బ్రాకెట్ దాటి బయటికి పొడుచుకొచ్చిన చివర 9 మి.మీ. దిగాక మధ్యభాగం సున్నాకు వచ్చింది, చివర 1 మి.మీ. కిందే ఉండిపోయింది. మళ్లీ టార్క్ చూసి బిగించాక అది కూడా సర్దుకుంది. కంపెనీ బిగింపు చోట్లలో, మామూలు ఎత్తులో, ఈ సెట్టు మనిషిని మోయగలదు. ఈ మాట ఒప్పుకోవాలి.

జాకీ పెట్టి కారు ఎత్తడానికి, రాళ్ల మీద కారు బరువు మోపడానికి మాత్రం ఇది పనికిరాదు. ఆ పనికి ఛాసిస్‌కే బిగించే మందపాటి స్టీల్ రాక్ స్లైడర్లు వేరు. చూడటానికి రెండూ గొట్టాలే కాబట్టి ఒకటే అనుకునేవాళ్లు చాలామంది.

దశ 5: అమ్మ ఎక్కి చూసింది

ముందు సీటు: 330 మి.మీ. మెట్టు మీద కాలు పెట్టలేకపోయింది. పలకలతో తేలిందే ఇక్కడా తేలింది. దిగేటప్పుడు ఇంకో ఇబ్బంది బయటపడింది. మెట్టు వెడల్పు 130 మి.మీ. చెప్పు పొడవులో సగం. వీపు తిప్పి దిగితే కాలు మెట్టు కోసం గాలిలో వెతుక్కుంటుంది. బయటికి తిరిగి దిగితే మడమ మాత్రమే ఆనుతుంది.

వెనక సీటు: బోర్డు పైనున్న గరుకు రబ్బరు వెనక తలుపు మధ్యదాకానే ఉంది. ఆ తర్వాతంతా నున్నటి అల్యూమినియం, తడిస్తే జారుతుంది. సైడ్ స్టెప్ కొనేవాళ్లు వెనక తలుపు తెరిచి, కాలు నిజంగా పడేచోట గరుకు ఉందో లేదో చూడాలి. షోరూమ్‌లో అందరూ డ్రైవర్ తలుపు దగ్గరే నిలబడి చూస్తారు.

నాన్న: మెట్టు తలుపు కంటే 70 మి.మీ. బయటికి ఉంది. ఆయన కాలు నేరుగా నేలకు చాపితే పిక్క వెనకభాగం మెట్టు అంచుకు రాసుకుంటోంది. వానరోజుల్లో బురద ప్యాంటుకు అంటుతుంది. ఇరుకు పార్కింగులో తలుపు సగమే తెరుచుకున్నప్పుడు పాదం పెట్టే జాగాను ఈ 70 మి.మీ. తినేసింది.

పాప: ఆమెకు బాగానే ఉంది. కారు పైకప్పు తుడవడానికి, పైన సామాను రాక్ కట్టడానికి నాకూ బాగుంది. మెట్టు వల్ల నిజంగా లాభపడిన పనులు ఇవే.

దశ 6: 60 మి.మీ. కిందికి దించే ప్రయత్నం

330 నుంచి 270కి దించితే అమ్మకు సరిపోతుంది. కాగితం మీద అంతే. బ్రాకెట్‌కూ బోర్డుకూ మధ్య 6 మి.మీ. మందం స్టీల్ పట్టీలు పెట్టి దించాను. ఎడమవైపు మాత్రమే.

నిలువుగా పడే బరువుకు మెలితిప్పు పెద్దగా మారదు, ఎందుకంటే అడ్డం దూరం దాదాపు అదే. మారింది ముందుకీ వెనక్కీ ఊగడం. కాలు పెట్టేటప్పుడు మనిషి నిటారుగా మాత్రమే తొక్కడు, ముందుకు తోస్తాడు కూడా. ఆ తోపుకు పట్టీ పొడవంతా మీటలా పనిచేసింది.

- కిందికి కుంగడం: 5 నుంచి 8 మి.మీ.కి పెరిగింది.
- ముందు వెనక ఊగడం: 2 నుంచి 7 మి.మీ.కి పెరిగింది.
- కొన్నాళ్లు గతుకుల మీద తిప్పి చూస్తే మధ్య బ్రాకెట్ పై బోల్టు మీద పెయింటు గీత విరిగింది. బోల్టు చుట్టూ రేకు పెయింటులో వెంట్రుకంత గుండ్రటి పగులు వచ్చింది.

ఆ పగులు చూశాక ఆ దారి వదిలేశాను. అడ్డంగా ఇంకో కడ్డీ వెల్డ్ చేసి ఊగడం తగ్గించవచ్చని ఒక సలహా వచ్చింది. ఊగడం తగ్గుతుంది కానీ బలమంతా తిరిగి అదే రేకుకు చేరుతుంది. ప్రమాదంలో పక్క నుంచి దెబ్బ తగిలితే మనిషిని కాపాడేది ఆ గుమ్మమే. దాన్ని మెట్టు కోసం అలసిపోనివ్వకూడదు.

దశ 7: నేలకు ఖాళీ

ఇది ముందే లెక్క వేసుకుని ఉంటే 60 మి.మీ. ప్రయత్నం దాకా వెళ్లక్కర్లేదు అనేవాళ్లు ఉంటారు. లెక్క ఇది, మీరే చూడండి.

రెండు వైపులా వాలు ఉన్న గట్టును దాటేటప్పుడు కారు నడుము తగలకుండా పోయే కోణాన్ని ఇలా అంచనా వేయవచ్చు: మధ్యలో నేలకున్న ఖాళీని ఇరుసుల దూరంలో సగంతో భాగించి, వచ్చిన నిష్పత్తికి కోణం తీసి, రెండింతలు చేయాలి. నా కారులో సగం దూరం 1,375 మి.మీ.

ఖాళీ కారుకు:
- కారు సొంత అడుగు, 205 మి.మీ.: 17.0 డిగ్రీలు.
- మామూలు మెట్టు, 240 మి.మీ.: 19.8 డిగ్రీలు.
- దించిన మెట్టు, 180 మి.మీ.: 14.9 డిగ్రీలు.

నలుగురు పెద్దవాళ్లు, సామాను ఎక్కాక నడుము 45 మి.మీ. కుంగింది. అప్పుడు వరసగా 13.3, 16.1, 11.2 డిగ్రీలు.

మామూలు ఎత్తులో మెట్టు స్పీడ్ బ్రేకర్‌కు తగలదు. దానికంటే ముందు కారు అడుగే తగులుతుంది. దించిన మెట్టు అన్నిటికంటే కిందికి వచ్చేసింది. అయితే ఈ లెక్క ఎదురుగా దాటే గట్టుకే. ఒక చక్రం గోతిలో పడి కారు పక్కకు వాలితే, బయటి అంచున ఉన్న మెట్టే ముందు నేలను తాకుతుంది, అది మామూలు ఎత్తులో ఉన్నా సరే. మట్టిదారుల్లో ఎక్కువ తిరిగేవాళ్లు కోణం ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు.

ఇంకొక సంగతి. బరువెక్కాక గుమ్మం కూడా 45 మి.మీ. కిందికి వస్తుంది కదా, ఎక్కడం తేలికవుతుంది కదా అనిపించవచ్చు. పెద్దవాళ్లను అందరికంటే ముందు, కారు ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కిస్తాం. కాబట్టి ఎక్కడానికి ఖాళీ కారు కొలత, నేల ఖాళీకి నిండు కారు కొలత వాడండి.

దశ 8: జాకీ పరీక్ష

మెట్టు ఉండగా చక్రం మార్చి చూడండి. ఇంటి దగ్గర, పగలు, తొందర లేనప్పుడు. కారుతో వచ్చిన కత్తెర జాకీని గుమ్మం కింది గాడిలో పెట్టగలిగాను, కానీ తిప్పే కడ్డీ ప్రతి చుట్టుకూ బోర్డు అంచుకు తగిలింది. పొడవాటి కడ్డీతో తిప్పితే పని అయింది. ముందు బ్రాకెట్ జాకీ గాడికి 45 మి.మీ. దూరంలోనే ఉంది. చీకట్లో గాడి అనుకుని బ్రాకెట్ కింద జాకీ పెట్టే ప్రమాదం నిజంగా ఉంది.

బోర్డుకూ గుమ్మానికీ మధ్య బురద, చిన్న రాళ్లు చేరాయి. పైనుంచి నీళ్లు కొడితే పోలేదు, కింద పడుకుని తీయాల్సి వచ్చింది.

దశ 9: విప్పేశాం

రెండు వైపులా విప్పేశాను. మా ఇంట్లో మెట్టు అవసరం ఉన్నది ఒక్క మనిషికి, ఆ మనిషికే అది అందడం లేదు. మిగతావాళ్లలో ఒకరికి అడ్డం, ఇంకొకరికి ఉన్నా లేకున్నా ఒకటే.

1. రంధ్రాల్లో పెయింటు పోయిన చోట ప్రైమర్, పైన రంగు.
2. పగులు వచ్చిన చోట బరికి చూస్తే పగిలింది పెయింటే, రేకు బాగుంది. అక్కడ కూడా ప్రైమర్.
3. గుమ్మం లోపలికి సన్నటి గొట్టంతో తుప్పు ఆపే మైనం స్ప్రే. నీళ్లు పోయే రంధ్రాలు మూసుకోకుండా తర్వాత తీగతో పొడిచి చూశాను.
4. రబ్బరు మూతలు తిరిగి పెట్టాను. వాటిని విప్పిన రోజే డబ్బాలో దాచి ఉంచాలి.

ఇప్పటిదాకా లెక్క:
అదనపు బరువు 0. తొలి అడుగు మళ్లీ 480 మి.మీ.

ఇదే కారు ఛాసిస్ ఉన్న రకమై, గుమ్మం ఇంకా ఎత్తులో ఉంటే నా నిర్ణయం వేరుగా ఉండేది. అక్కడ బ్రాకెట్ రేకుకు కాకుండా ఛాసిస్‌కు బిగుస్తుంది, కిందికి దించడానికి జాగా ఉంటుంది. తలుపు తెరిస్తే దిగి, వేస్తే లోపలికి ముడుచుకునే కరెంటు మెట్టు కూడా ఎత్తు సమస్యను తీరుస్తుంది. కానీ మోటారు, కీళ్లు, వైర్లు అన్నీ బురద చిమ్మేచోటే ఉంటాయి. శుభ్రం చేసే ఓపిక ఉన్నవాళ్లకే అది.

దశ 10: పీట

కారుకు బిగించని మెట్టు అంటే పీటే. ప్లైవుడ్‌తో చేశాను.

మొదటి పీట: పైపలక 350 × 250 మి.మీ., ఎత్తు 200 మి.మీ., కాళ్లు నిటారుగా. అంచు మీద కాలు పెడితే పక్కకు ఒరిగింది. ఎత్తు కూడా కుదరలేదు. తొలి అడుగు 200 తేలికే, రెండోది 280 అయింది. అమ్మ హద్దు 270.

రెండో పీట:

1. ఎత్తు 240 మి.మీ. అంటే 480లో సరిగ్గా సగం. పిడి పట్టుకుంటే రెండడుగులూ అమ్మ హద్దులోనే ఉన్నాయి.
2. పైపలక 420 × 300 మి.మీ. రెండు పాదాలూ పక్కపక్కన ఆనాలి, వాటి మీదే తిరగగలగాలి.
3. కాళ్లు పైపలక కంటే ప్రతి వైపూ 20 మి.మీ. బయటికి వాలి ఉన్నాయి. ఇప్పుడు అంచున నిలబడ్డా ఒరగడం లేదు.
4. కాళ్ల మధ్య అడ్డపట్టీలు, జిగురు, స్క్రూలు రెండూ.
5. పైన గరుకు టేపు, అంచు చుట్టూ పసుపు గీత. దిగేటప్పుడు కన్ను దాన్నే వెతుకుతుంది.
6. కాళ్లకు రబ్బరు బూట్లు.
7. ఎత్తడానికి తాడు పిడి.

బరువు 4.8 కిలోలు. 80 కిలోల మనిషి నాలుగు మూలల మీదా నిలబడి చూశాక అమ్మను ఎక్కనిచ్చాను.

ఇక్కడే ఆ రెండో లాభం తెలిసింది. అమ్మ పీట మీద నిలబడి, కారు వైపు వీపు తిప్పి, నేరుగా సీటు మీద కూర్చుంది. తర్వాత రెండు కాళ్లూ లోపలికి తిప్పుకుంది. గుమ్మం మీద అడుగే పెట్టలేదు. సీటు 745, పీట 240, తేడా 505 మి.మీ. మామూలు కుర్చీ 450 మి.మీ. ఉంటుంది. కాస్త ఎత్తైన కుర్చీలో కూర్చుని లేచినట్టే. మోకాలికి ఎత్తైన కుర్చీయే నయం. 130 మి.మీ. వెడల్పు సైడ్ స్టెప్ మీద ఇలా తిరగడం కుదరదు. ఎత్తు కంటే వెడల్పే అసలు తేడా తెచ్చింది.

దిగేటప్పుడు పట్టుకోవడానికి తలుపు గడియ పడే కొక్కెంలో దూర్చే చేతిపిడి తీసుకున్నాం. తలుపు తెరిచినప్పుడు దాన్ని కొక్కెంలో పెట్టి, అరచేత్తో కిందికి నొక్కుతూ లేవచ్చు. తలుపు వేసే ముందు తీయడం మరవకూడదు, లేకపోతే తలుపు రేకు దెబ్బతింటుంది. తలుపుల పక్కనుండే కారు స్తంభాలకు స్క్రూలు కొట్టి పిడి బిగించే ఆలోచన చేయకండి. ఆ స్తంభాల కవర్ల వెనక కర్టెన్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు భాగాలు ఉంటాయి.

పీట డిక్కీలో కొక్కేలకు పట్టీతో కట్టి ఉంటుంది. సీట్ల దగ్గర వదులుగా పెట్టకూడదు. గట్టిగా బ్రేకు వేస్తే దాదాపు ఐదు కిలోల చెక్క మనుషుల మీదికి ఎగిరి వస్తుంది.

ఇప్పటిదాకా లెక్క:
అదనపు బరువు 4.8 కిలోలు, చేతిపిడి కాకుండా. తొలి అడుగు 240 మి.మీ. నేలకు ఖాళీ తగ్గింది 0. కారుకు వేసిన రంధ్రాలు 0.

మిగిలిన పనులు

పీటను ఎవరో ఒకరు దిగి పెట్టాలి, మళ్లీ తీయాలి. డ్రైవర్ ప్రతిసారీ దిగాల్సిందే. కంకర నేల మీద రెండు కాళ్లు ఎత్తుపల్లాల్లో పడితే ఊగుతుంది. ముందు చేత్తో నొక్కి చూసి, కదిలితే జరిపి పెడుతున్నాం. రబ్బరు బూట్లలో ఒకటి అరగడం మొదలైంది. స్క్రూతో బిగించేవి తెచ్చి మార్చాలి.

వెనక సీటుకు ఇంకా సరైన మార్గం దొరకలేదు. గుమ్మం 495 కాబట్టి పీట నుంచి 255, అది పర్వాలేదు. కానీ చక్రం ఉబ్బు వల్ల తలుపు కిందిభాగం ఇరుకై, పీట మీద తిరిగి కూర్చోవడం కుదరడం లేదు. ముందు సీటు తల ఆనే దిండు కడ్డీలకు చుట్టే పట్టీ ఒకటి కుట్టిస్తున్నాను, బ్యాలెన్స్ కోసం మాత్రమే, ఒంటి బరువంతా దాని మీద వేయకూడదు. అది వచ్చేదాకా అమ్మది ముందు సీటే.